ప్రభుత్వ సైన్స్, డిజిటల్ వార్షిక ప్రణాళికలో జిల్లా కాలేజీకి చోటెక్కడ?

ప్రశ్న: విజయనగరం జిల్లాలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ప్రభుత్వం సైన్స్, టెక్నాలజీ, డిజిటల్ రంగాలకు ఈ ఏడాది ఏం ప్లాన్ చేసిందో చదివి, మనకు పనికొచ్చేది చూసి ఒక ప్రపోజల్ రాయమని ప్రిన్సిపాల్‌గారు చెప్పారు. పేపర్లలో లక్ష కోట్లు, పదివేల కోట్లు అని రాస్తున్నారు. ఆ ప్లాన్ అసలు ఎక్కడుంటుంది? ఎలా చదవాలి? మా లాంటి చోటికి అందులోంచి ఏమైనా వస్తుందా? ఉద్దానం కిడ్నీ జబ్బు మీద ఏఐ ప్రాజెక్టు పెడదామని మా హెచ్‌వోడీ అంటున్నారు. అది సరైనదేనా?

జవాబు:

అమ్మా, వస్తుందా అని అడిగారు కదా, ముందు దానికి చెప్తాను. వస్తుంది. కాకపోతే పేపర్లో కనిపించే లక్ష కోట్లలోంచి రాదు. మీలాంటి వాళ్లకు దారి ఉన్నది చిన్న పద్దుల్లో. ఆ పద్దు పేరు, దాని ఎదుట వేసిన అంకె, దానికి అప్లికేషన్లు తీసుకునే నెల తెలుసుకుంటే ప్లాన్ చదవడం వచ్చినట్టే.

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పరిశోధన గ్రాంట్ల లెక్కలు చూసి రిటైరయ్యాను. ఇప్పుడు శ్రీకాకుళంలో ఉంటున్నాను. ప్రపోజల్ వెళ్లిన దగ్గర్నుంచి ఆఖరి యూసీ, అంటే డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే ధ్రువపత్రం, పంపేదాకా ఫైలు ఎక్కడెక్కడ ఆగుతుందో చూసినవాణ్ణి కాబట్టి ఆ వైపు నుంచే చెప్తాను. సైన్సు సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు.

మీరు వెతుకుతున్న ప్లాన్ అనే ఒక్క పుస్తకం మన దేశంలో లేదు. దక్షిణ కొరియాలో సైన్స్, ఐసీటీ మంత్రిత్వ శాఖ ఏడాది పనుల ప్రణాళికను అధ్యక్షుడికి నివేదిస్తుంది. సైన్సు, టెలికాం, ఏఐ అన్నీ ఆ ఒక్క శాఖ కిందే ఉంటాయి కాబట్టి ఒక్క పత్రం చదివితే చాలావరకు తెలిసిపోతుంది. జపాన్‌లో 2018 నుంచి ఏటా సమగ్ర ఇన్నోవేషన్ వ్యూహం అని కేబినెట్ ఆమోదంతో ఒక పత్రం వస్తోంది. మనకూ పంచవర్ష ప్రణాళికలు ఉన్న రోజుల్లో ప్లానింగ్ కమిషన్ దగ్గర వార్షిక ప్రణాళిక అని ఉండేది. 2015 జనవరిలో నీతి ఆయోగ్ వచ్చింది. 2017 మార్చితో పన్నెండో ప్రణాళిక ముగిసింది. 2017-18 బడ్జెట్ నుంచి ప్లాన్, నాన్‌ప్లాన్ అనే విభజన కూడా తీసేశారు. అప్పటి నుంచి మనకు బడ్జెట్టే ప్లాన్.

సైన్స్ పాలసీ అని వేరే పత్రాలు ఉన్నాయి. 1958లో పార్లమెంటు ముందుకు వచ్చిన శాస్త్ర విధాన తీర్మానం, 1983లో టెక్నాలజీ విధానం, 2003లో ఒకటి, 2013లో ఒకటి. ఐదోది 2020 చివర్లో ముసాయిదాగా వచ్చింది. ప్రపోజల్ ముందుమాటలో ఒక వాక్యం రాసుకోవడానికి అవి పనికొస్తాయి. అంతకుమించి వాటి మీద సమయం పెట్టకండి.

సైన్సు డబ్బంతా ఒకే శాఖలో ఉందనుకుని చాలామంది వెతుకుతారు. అలా ఉండదు. సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ అంటే డీఎస్టీ. బయోటెక్నాలజీకి డీబీటీ. పారిశ్రామిక పరిశోధన చేసే సీఎస్‌ఐఆర్ ల్యాబులు డీఎస్‌ఐఆర్ అనే వేరే శాఖ కింద ఉంటాయి. వాతావరణం, సముద్రం భూవిజ్ఞాన శాఖ చూస్తుంది. అంతరిక్షం, అణుశక్తి, రక్షణ పరిశోధన దేని పద్దు దానిది. వ్యవసాయ పరిశోధన వ్యవసాయ మంత్రిత్వ శాఖలో, వైద్య పరిశోధన ఆరోగ్య మంత్రిత్వ శాఖలో ఉంటాయి. ఏఐ, ఎలక్ట్రానిక్స్, డిజిటల్ ఇండియా ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖవి. పల్లెలకు వెళ్లే భారత్‌నెట్ ఫైబర్ టెలికాం శాఖది. నైరా వ్యవసాయ కళాశాలలో మీ స్నేహితురాలు ఉంటే ఆమె చూడాల్సిన పేజీ వేరు, మీరు చూడాల్సింది వేరు. ఇన్ని తలుపులు ఉండడం వల్ల మన జిల్లాల వాళ్లు చాలామంది మొదటి తలుపు దగ్గరే ఆగిపోయారు. నాకు బాధ కలిగించే విషయం ఇదే. తెలివితేటలు లేక కాదు, ఏ తలుపు తమదో చెప్పేవాళ్లు లేక.

ఇక ఎలా చదవాలో. ఫిబ్రవరి 1న ఆర్థిక మంత్రి ప్రసంగం ఉంటుంది. దాన్ని చివరికి వదిలేయండి. అదే రోజు డిమాండ్స్ ఫర్ గ్రాంట్స్ అని శాఖలవారీ పట్టికలు వెబ్‌సైట్లో పెడతారు. మీకు కావలసిన శాఖ పట్టిక తెరిస్తే ప్రతి పథకం ఎదుట నాలుగు గడులు ఉంటాయి. రెండేళ్ల కిందటి అసలు ఖర్చు, నడుస్తున్న ఏడాది బడ్జెట్ అంచనా, అదే ఏడాది సవరించిన అంచనా, వచ్చే ఏడాది బడ్జెట్ అంచనా. ఆఫీసుల్లో వీటిని యాక్చువల్స్, బీఈ, ఆర్‌ఈ అంటారు. పేపర్లో ఎక్కువగా వచ్చేది నాలుగో గడి. మీరు మొదట చూడాల్సింది రెండో గడికీ మూడో గడికీ ఉన్న తేడా.

ఇండియా ఏఐ మిషన్‌ని ఈ పద్ధతిలో చదివి చూడండి. 2024 మార్చిలో కేబినెట్ ఐదేళ్లకు 10,371.92 కోట్లు ఆమోదించింది. వార్తల్లో వచ్చిన అంకె అదే. 2024-25 బీఈ 551.75 కోట్లు. అదే ఏడాది ఆర్‌ఈ 173 కోట్లు. 2025-26 బీఈ 2,000 కోట్లు. ప్రసంగం మాత్రమే విన్నవాళ్లకు పదివేల కోట్లు చేతిలో ఉన్నట్టు ఉంటుంది. మూడో, నాలుగో గడులు మాత్రమే చూసినవాళ్లకు ఒక్కసారిగా పదిరెట్లు దాటి పెరిగినట్టు ఉంటుంది. నాలుగు గడులూ కలిపి చూస్తే అసలు కథ తెలుస్తుంది. మొదటి ఏడాది సంస్థను నిలబెట్టడం, టెండర్లు పిలవడంలో గడిచింది. జీపీయూలు, అంటే ఏఐ లెక్కలకు వాడే చిప్‌లు, ఇచ్చే కంపెనీల ఎంపిక 2025 జనవరి ఆఖరుకు గానీ ప్రకటించలేదు. కాబట్టి 2024లో ఆ మిషన్ పేరు చెప్పి ప్రపోజల్ రాసినవాళ్లు చాలా ముందు వెళ్లారు, 2025లో వెళ్లినవాళ్లకు తక్కువ ధరకు జీపీయూ గంటలు అడిగే దారి తెరుచుకుంది. పథకం మంచిదా కాదా అన్న ప్రశ్నకు ముందు, అది ఏ దశలో ఉందన్న ప్రశ్న వేయాలి. కాలువకు నీళ్లు వదిలారన్న వార్తకూ, శివారు మడి తడవడానికీ మధ్య ఎన్ని రోజులో మన వంశధార రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పెద్ద అంకె ఏ రకం డబ్బో కూడా చూడండి. లక్ష కోట్లు అని మీరు చదివింది ఆర్‌డీఐ, అంటే పరిశోధన, అభివృద్ధి, ఇన్నోవేషన్ నిధి గురించి. 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్లో ప్రకటించారు, 2025 జులై 1న కేబినెట్ ఆమోదించింది, 2025 నవంబర్ 3న ప్రారంభించారు. అది గ్రాంటు కాదు. చాలా తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో, దీర్ఘకాలానికి ఇచ్చే అప్పు, పెట్టుబడి. ప్రైవేటు కంపెనీలు పరిశోధన మీద ఖర్చు పెట్టాలని పెట్టింది. టెక్నాలజీ కనీసం నాలుగో స్థాయి సంసిద్ధతకు చేరి ఉండాలి, అంటే ల్యాబులో పనిచేస్తుందని రుజువై ఉండాలి. నా దృష్టిలో ఇది అవసరమైన పథకమే. మన దేశం పరిశోధన మీద పెట్టే మొత్తం ఖర్చు 2020-21లో జీడీపీలో 0.64 శాతం. అందులో ఎక్కువ భాగం ప్రభుత్వాలదే. కొరియాలో ఆ వాటా 5 శాతం దగ్గర, ఎక్కువ భాగం కంపెనీలది. కంపెనీలను కదిలించకుండా ఆ తేడా తగ్గదు. కానీ ఆ డబ్బు మీ డిపార్ట్‌మెంట్‌కు వచ్చేది కాదు, మీ ప్రిన్సిపాల్‌గారికి ఆ మాట ముందే చెప్పేయండి.

క్వాంటమ్ కూడా అంతే. నేషనల్ క్వాంటమ్ మిషన్‌కు 2023 ఏప్రిల్‌లో 6,003.65 కోట్లు ఆమోదించారు. నాలుగు హబ్‌లు ఐఐఎస్‌సీకి, మద్రాస్, బొంబాయి, ఢిల్లీ ఐఐటీలకు ఇచ్చేశారు. అమరావతి క్వాంటమ్ వ్యాలీ గురించి పిల్లలకు చెప్పండి, ఆసక్తి పెంచండి. ఈసారి ప్రపోజల్ మాత్రం దాని మీద వద్దు.

కొరియా సంగతి ఇంకొంచెం చెప్పాలి. మీ బడ్జెట్ రాసే పద్ధతికి దాంతో సంబంధం ఉంది. అక్కడ ప్రభుత్వ పరిశోధన బడ్జెట్ 2023లో 31.1 లక్షల కోట్ల వన్. 2024కి దాన్ని 26.5 లక్షల కోట్లకు తగ్గించారు. అంత పద్ధతిగా ప్లాన్లు రాసే దేశంలో, నడుస్తున్న ప్రాజెక్టులకు కూడా మధ్యలో డబ్బు తగ్గిపోయింది. 2024 ఫిబ్రవరిలో కైస్ట్ అనే అక్కడి సైన్స్ విశ్వవిద్యాలయం స్నాతకోత్సవంలో అధ్యక్షుడు మాట్లాడుతుంటే ఆ కోత గురించి అరిచిన పట్టభద్రుణ్ణి భద్రతా సిబ్బంది బయటికి లాక్కెళ్లారు. 2025కి బడ్జెట్‌ను మళ్లీ సుమారు 29.6 లక్షల కోట్లకు పెంచారు. అంకె తిరిగి వచ్చింది గానీ, ల్యాబు నుంచి వెళ్లిపోయిన పోస్ట్‌డాక్ అంకెతో పాటు తిరిగి రాడు. ఇక్కడా అలాంటిది జరగొచ్చు. ఇక్కడ కోత కన్నా ఆలస్యం ఎక్కువ. శాంక్షన్ ఆర్డర్ వచ్చాక మొదటి రిలీజ్ రావడం, రెండో ఏడాది వాయిదా రావడం, రెండూ మీ చేతిలో ఉండవు. అందుకని మూడేళ్ల ప్రాజెక్టు రాసినా, మొదటి ఏడాది డబ్బుతో చేసిన పని ఒక్కటే మిగిలినా ఎవరికో ఒకరికి ఉపయోగపడేలా రాయండి. మొదటి ఏడాది పరికరాలు కొని, రెండో ఏడాది మనిషిని పెట్టి, మూడో ఏడాది ఫీల్డుకు వెళ్తామని రాసిన ప్రాజెక్టులు రెండో వాయిదా ఆగితే పెట్టె విప్పని పరికరాలుగా మిగిలిపోతాయి. అలాంటి పెట్టెల మీద ఆడిట్ అభ్యంతరాలకు జవాబులు నేనే రాశాను.

మీకు నిజంగా తెరిచి ఉన్న తలుపులు ఇవీ.

ఏఎన్‌ఆర్‌ఎఫ్ అని వినే ఉంటారు. 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్. అంతకుముందు పరిశోధన గ్రాంట్లు ఇచ్చిన సెర్బ్ అనే బోర్డు దీన్లో కలిసింది. ఐదేళ్లకు 50,000 కోట్లు అన్నారు. అందులో ప్రభుత్వం నుంచి 14,000 కోట్లు, మిగతాది పరిశ్రమలు, దాతలు, ఇతర మార్గాల నుంచి రావాలని లెక్క. ఇందులో మీ కోసం నేను మొదట చూసేది టేర్. కాలేజీలో పాఠాలు చెబుతూనే ఏటా కొంతకాలం ఐఐటీలోనో జాతీయ ల్యాబులోనో పనిచేయనిచ్చే పథకం. డబ్బు పెద్దది కాదు. కానీ దాని వల్ల మీకు ఒక ల్యాబు, ఒక గైడు, ఇద్దరి పేర్లతో ఒక పేపరు దొరుకుతాయి. తర్వాత వేసే ప్రతి ప్రపోజల్‌కూ అదే బలం. యువ అధ్యాపకులు నేరుగా పెద్ద గ్రాంటుకు వెళ్లి, ట్రాక్ రికార్డు లేదని వెనక్కి రావడం చాలా చూశాను. మీకు ఇప్పటికే మంచి పేపర్లు ఉంటే ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ గ్రాంటు కూడా చూడండి. పెయిర్ అని ఇంకో పథకం ఉంది, పెద్ద సంస్థ హబ్‌గా, రాష్ట్ర విశ్వవిద్యాలయాలు దానికి అనుబంధ కేంద్రాలుగా, అంటే స్పోక్‌లుగా. అది కాలేజీ స్థాయిలో మీరు వేసేది కాదు. మీరు ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధమో, బహుశా జేఎన్‌టీయూ గురజాడ అయి ఉంటుంది, అక్కడి ఆర్ అండ్ డీ డైరెక్టరేట్‌కు ఫోన్ చేసి ఏ హబ్‌తో మాట్లాడుతున్నారో కనుక్కోండి. అడిగేవాళ్లు తక్కువ, అడిగితే చెప్తారు.

అర్హత నిబంధనలు ప్రతి కాల్‌కూ, అంటే అప్లికేషన్లు పిలిచిన ప్రతిసారీ, మళ్లీ చదవాలి. ప్రైవేటు కాలేజీ అయితే కొన్ని చోట్ల గుర్తింపు పత్రాలు అదనంగా అడుగుతారు. ఆఖరి రోజు దాకా ఉంచుకుంటే ఛైర్మన్ సంతకం దగ్గరే ఆగిపోతారు.

పరిశోధన కాకుండా వస్తువు తయారుచేయాలని ఉంటే దారి వేరు. డీఎస్టీ వాళ్ల నిధి-ప్రయాస్‌లో ప్రోటోటైప్‌కు 10 లక్షల దాకా ఇస్తారు. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో ఆలోచన రుజువు చేయడానికి 20 లక్షల దాకా గ్రాంటు పెట్టారు, ఇప్పుడు తెరిచి ఉందో లేదో కనుక్కోండి. రెండూ ఇంక్యుబేటర్ల, అంటే స్టార్టప్‌లకు చోటు, సాయం ఇచ్చే కేంద్రాల ద్వారానే. రాష్ట్రం వైపు నుంచి 2024-29 ఇన్నోవేషన్, స్టార్టప్ పాలసీ ఉంది. దాని కింద రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ 2025 ఆగస్టులో మొదలైంది. హబ్ అమరావతిలో, స్పోక్‌లు విశాఖ, రాజమహేంద్రవరం, విజయవాడ, తిరుపతి, అనంతపురంలో. మనకు దగ్గరిది విశాఖ. ఉత్తరాంధ్ర జిల్లాల పిల్లలు విశాఖకే వెళ్లాలంటే కష్టమేనని నా అభిప్రాయం. పలాస నుంచి పొద్దున్న రైలెక్కి వెళ్లి, మీటింగులో కూర్చుని, రాత్రికి తిరిగి రావడం డబ్బున్న ఇంటి పిల్లలకే కుదురుతుంది. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ రెండూ ఉన్నాయి, విజయనగరం వైపు కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. వారానికి ఒక రోజు స్పోక్ మెంటర్లు అక్కడికి వచ్చి కూర్చుంటే చాలు. మీ కాలేజీ తరఫున ఈ మాట రాతపూర్వకంగా అడగండి. ప్రణాళిక సమీక్షలో అలాంటి ఉత్తరాలు లెక్కకు వస్తాయి.

రాష్ట్ర ప్రభుత్వం డబ్బు అయితే పాలసీ జీవో చూసి సంబరపడకండి. పాలసీకి జీవో, పథకానికి మార్గదర్శకాల జీవో, ఆ తర్వాత బడ్జెట్ రిలీజ్ ఆర్డర్, ఆ తర్వాత సీఎఫ్‌ఎంఎస్ అనే రాష్ట్ర చెల్లింపుల వ్యవస్థలో బిల్లు. నాలుగూ అయితేనే డబ్బు. ఎవరైనా ‘శాంక్షన్ అయిపోయింది’ అంటే ఈ నాలుగింటిలో ఏది అయిందని అడగండి.

ఇప్పుడు ఉద్దానం.

మీ హెచ్‌వోడీగారి ఉద్దేశం మంచిది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, పలాస మండలాల్లో ఎన్ని ఇళ్లు ఈ జబ్బుతో చితికిపోయాయో శ్రీకాకుళం జిల్లావాడిగా నాకు తెలుసు. డయాలసిస్ రోజుల చుట్టూ బతుకును సర్దుకున్న కుటుంబాలు మా బంధువుల్లోనే ఉన్నాయి. అందుకే ఈ మాట గట్టిగా చెప్తున్నాను. ‘ఏఐతో కిడ్నీ జబ్బును ముందే కనిపెడతాం’ అని ప్రపోజల్ రాయకండి.

ఎందుకంటే, ఏళ్ల తరబడి ఎన్నో బృందాలు వచ్చి చూసినా అక్కడ జబ్బుకు కారణం ఇదీ అని తేలలేదు. నీటిలో సిలికా అన్నారు, భార లోహాలు అన్నారు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఎండలో నీళ్లు తాగకుండా పనిచేయడం, వంశపారంపర్యం, ఇవన్నీ అనుమానాలుగా ఉన్నాయి. 2023 డిసెంబర్ 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అదే రోజు హిరమండలం నుంచి వంశధార నీళ్లు 807 గ్రామాలకు తెచ్చే సుమారు 700 కోట్ల పథకం కూడా. అంటే నీళ్లు మారాయి, వైద్యం దగ్గరకొచ్చింది. కారణం మాత్రం ఇంకా వెతకాలి. కారణం తెలియని జబ్బుకు, ఎక్కడో సేకరించిన డేటా మీద తయారైన మోడల్ తెచ్చి పెడితే అది చెప్పే జవాబుకు విలువ ఉండదు. రివ్యూయర్ మొదటి ప్రశ్నే ‘మీ డేటా ఎక్కడిది?’ అని ఉంటుంది. ఆ ప్రశ్న దగ్గరే ప్రపోజల్ పడిపోతుంది. అంతకన్నా పెద్ద సంగతి, రక్తం ఇచ్చి ఇచ్చి ఫలితం తెలియక విసిగిపోయిన ఊళ్లు అవి. ఇంకొకరు వచ్చి ఫోన్లో ఫొటోలు తీసుకుని వెళ్లిపోతే తర్వాత నిజంగా పనిచేసే బృందానికి కూడా తలుపు తీయరు.

మీరు ఈసీఈ. మీ చేతిలో ఉన్న విద్య కొలవడం. అక్కడ లోటు ఉన్నదీ కొలతలోనే. ఉదాహరణకు, ఎండలో పని చేయడం వల్ల కిడ్నీ మీద భారం పడుతుందన్న అనుమానాన్ని పరీక్షించాలంటే జీడితోటలో, కొబ్బరితోటలో, పొలం గట్టున పనిచేసేచోట వేడి ఎంతుందో గంటగంటకూ తెలియాలి. వాతావరణ కేంద్రం చెప్పే ఉష్ణోగ్రత చాలదు. తేమ, నేరుగా పడే ఎండ, గాలి కలిపి లెక్కించే సూచిక ఉంది, డబ్ల్యూబీజీటీ అంటారు. బజార్లో దొరికే ఆ పరికరాలు ఖరీదైనవి. ఎండ వేడి కొలిచే నల్లగోళం, తేమ సెన్సార్, చిన్న సోలార్ పలక, తక్కువ కరెంటుతో దూరానికి డేటా పంపే లోరా రేడియోతో తక్కువ ఖర్చులో ఒక పరికరం తయారుచేసి, ప్రామాణిక పరికరం పక్కన పెట్టి సరిచూసి, ఏడాది పొడవునా నడిపితే చాలు, వైద్యులకు ఇప్పటిదాకా లేని వరుస దొరుకుతుంది. ఇందులో ఏఐ అన్న మాటే అక్కర్లేదు. తర్వాత వైద్య బృందం దగ్గర క్రియాటినిన్, అంటే కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, లెక్కలు ఉంటే రెండూ కలిపి చూడొచ్చు. మొదటి ఏడాది డబ్బుతోనే పరికరాలు నిలబడతాయి. రెండో వాయిదా ఆలస్యమైనా డేటా వస్తూనే ఉంటుంది. పైన చెప్పిన పద్ధతికి ఇది సరిపోతుంది.

మనుషుల ఆరోగ్య వివరాలు ముట్టుకునే క్షణం నుంచి నిబంధనలు మారిపోతాయి. ఎథిక్స్ కమిటీ ఆమోదం లేకుండా ఒక్క మనిషి వివరం కూడా తీసుకోకూడదు. ఇంజినీరింగ్ కాలేజీల్లో సాధారణంగా ఆ కమిటీ ఉండదు, కాబట్టి శ్రీకాకుళం లేదా విజయనగరం మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ లేదా నెఫ్రాలజీ అధ్యాపకులు ఒకరిని సహ పరిశోధకులుగా తీసుకోండి. పేరుకు కాదు, మొదటి డ్రాఫ్టు నుంచీ. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది, దాని నిబంధనలు 2025 నవంబర్లో నోటిఫై అయ్యాయి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, ఆ ఊరివాళ్లు చదివితే అర్థమయ్యే తెలుగులో. ఫలితం ఏదొచ్చినా తిరిగి వెళ్లి ఆ ఊళ్లో చెప్పడానికి బడ్జెట్లో ఒక పద్దు పెట్టండి. చాలా ప్రపోజల్స్‌లో అది ఉండదు. మీ దాంట్లో ఉండాలని నా కోరిక.

ఉద్దానం మీకు దూరం అనిపిస్తే మీ జిల్లాలోనే వెతకండి. పూసపాటిరేగ, భోగాపురం తీరంలో మత్స్యకారులున్నారు. సముద్రంలో పడవల మీద పెట్టే ట్రాన్స్‌పాండర్లు లక్ష పడవలకు ఇవ్వాలని 364 కోట్లతో కేంద్రం 2024 ఆగస్టులో మొదలుపెట్టింది. ఉప్పుగాలికి కనెక్టర్లు, బ్యాటరీలు ఎలా తట్టుకుంటున్నాయి, పాడైతే ఊళ్లో ఎవరు బాగుచేస్తారు అన్నది చక్కటి ఎలక్ట్రానిక్స్ సమస్య. దానికి డిప్లొమా పిల్లలకు కూడా పని దొరుకుతుంది.

డిజిటల్ సేవల వైపు నేను ఎక్కువ చెప్పను. రాష్ట్ర ప్రభుత్వ మన మిత్ర వాట్సాప్ సేవలు 2025 జనవరి 30న 161 సేవలతో మొదలయ్యాయి, సచివాలయం దాకా వెళ్లే పని చాలామందికి తగ్గింది. మందస కొండల మీది ఊళ్లలో సిగ్నల్ ఉన్నచోటికి నడిచివెళ్లి మెసేజ్ పెట్టేవాళ్లకు అది ఇంకా సగమే చేరింది. ప్రభుత్వ హైస్కూళ్లకూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకూ భారత్‌నెట్ ద్వారా బ్రాడ్‌బ్యాండ్ ఇస్తామని 2025-26 బడ్జెట్ ప్రసంగంలో చెప్పారు. అదే బడ్జెట్లో ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో పిల్లలు చేత్తో తయారుచేసి నేర్చుకునే అటల్ టింకరింగ్ ల్యాబులు 50,000 అన్నారు. మీ మండలంలో ఏ స్కూలుకు ల్యాబు వచ్చిందో కనుక్కుని మీ పిల్లల్ని నెలకోసారి అక్కడికి పంపండి. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం నేర్పే మనిషి లేక ఆ గది తాళం వేసి ఉండకూడదు. ఆ స్కూలు పిల్లల చేత ఇన్‌స్పైర్-మానక్ అనే కేంద్ర అవార్డు పథకానికి ఆలోచనలు పంపించండి, ఎంపికైతే 10,000 రూపాయలు విద్యార్థి ఖాతాలో పడతాయి.

ప్లాన్‌లో చదవాల్సిన పత్రాలు ఇంకో రెండున్నాయి. ఒకటి అవుట్‌పుట్-అవుట్‌కమ్ పత్రం. పథకం ఎదుట ఈ ఏడాది ఎన్ని ప్రాజెక్టులు, ఎంతమంది పరిశోధకులు అని లక్ష్యం రాసి ఉంటుంది. కోట్లకన్నా ఆ సంఖ్య మీకు ఎక్కువ ఉపయోగం, పోటీ ఎంతో తెలుస్తుంది. రెండోది పార్లమెంటు స్టాండింగ్ కమిటీ నివేదిక. డిమాండ్ల మీద కమిటీ శాఖను ప్రశ్నలు అడుగుతుంది, ఇంత డబ్బు ఎందుకు మిగిలిందని. శాఖ ఇచ్చిన జవాబు యథాతథంగా అచ్చవుతుంది. డీఎస్టీ అయితే సైన్స్, పర్యావరణ కమిటీ, ఏఐ అయితే కమ్యూనికేషన్స్, ఐటీ కమిటీ. నా ఉద్యోగ జీవితంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన కాగితాలు ఇవే. తగిన ప్రపోజల్స్ రాలేదు కాబట్టి ఖర్చు కాలేదని శాఖ రాసుకున్న పథకం కనిపిస్తే, మీ ప్రపోజల్ వెళ్లాల్సింది అక్కడికే.

నెలల లెక్క కూడా గుర్తుంచుకోండి. కేంద్ర శాఖలు ఆఖరి మూడు నెలల్లో 33 శాతానికీ, మార్చిలో 15 శాతానికీ మించి ఖర్చు పెట్టకూడదని ఆర్థిక శాఖ నియమం. కాబట్టి డిసెంబర్ లోపు యూసీ పంపని పీఐకి, అంటే ప్రాజెక్టు ప్రధాన పరిశోధకులకు, ఆ ఏడాది వాయిదా దాదాపు పోయినట్టే. యూసీ జీఎఫ్‌ఆర్ 12-ఏ ఫారంలో ఉంటుంది. గ్రాంటు మీద బ్యాంకు వడ్డీ వస్తే అది మీది కాదు, తిరిగి కట్టాలి. మీ కాలేజీ అకౌంటెంట్‌కు ఇవన్నీ ప్రాజెక్టు వచ్చాక కాదు, ప్రపోజల్ వేసే ముందే చెప్పి కూర్చోబెట్టండి. పీఐ పాఠాలు చెప్పుకుంటూ లెక్కలు కూడా తానే రాసుకుంటే ఒక్క సంవత్సరంలో అలసిపోతుంది, ఆ టెన్షన్ మీకు వద్దు.

ఈ వారంలో డీఎస్టీ, ఎలక్ట్రానిక్స్-ఐటీ శాఖల పట్టికలు దించుకుని, పథకాల ఎదుట బీఈ, ఆర్‌ఈ రెండూ ఒక ఎక్సెల్ షీట్లో రాయండి. టేర్ ప్రస్తుత కాల్ ఎప్పుడో చూడండి. మెడికల్ కాలేజీలో ఒకరితో మాట్లాడి, ఆ పరికరం వాళ్లకు నిజంగా కావాలో లేదో అడగండి, వద్దంటే ఏం కావాలో అడగండి. రెండు పేజీల కాన్సెప్ట్ నోటు, ఖర్చుల పట్టిక తయారయ్యాక కాలేజీ పేరు తీసేసి ఇక్కడే పెట్టండి. పట్టిక నేను చూస్తాను. సెన్సార్ల సంగతి తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు, వాళ్లు మిగతాది చూస్తారు.